లకుముకి తాయిమి

హెల్సింకి,
1986 నవంబరు 29

తాయిమక్కకు,

నా చేతిరాత చూసి కూడా కవరు చింపి పొయ్యిలో పడేయకుండా ఇక్కడిదాకా వచ్చావంటే, మిగతాది కూడా చదువు. పై అంతస్తులో నువ్వు, కింది అంతస్తులో నేను. ముప్పై ఏళ్ళుగా ఒకే మెట్లు ఎక్కి దిగుతున్నాం. "మంచు బాగా పడింది" అన్న మాట తప్ప మన మధ్య ఇంకో మాట లేదు. ఇప్పుడు ఆరువందల కిలోమీటర్ల అవతల మంచం మీద పడి నీకు ఉత్తరం రాయాల్సి వస్తుందని నేనూ అనుకోలేదు.

గుండెలో ఒక కవాటం పాడైందట. కోసి కొత్తది పెడతామంటున్నారు. ఎప్పుడో మాత్రం చెప్పరు. పక్క మంచం మీద సులో అని ఒక ముసలాయన, రైల్లో గార్డుగా చేశాడట. పొద్దస్తమానం రైళ్ళ వేళలు వల్లిస్తుంటాడు. ఇక్కడి కాఫీ అంట్ల గిన్నె కడిగిన నీళ్ళలా ఉంటుంది.

అసలు విషయం చెప్తాను. మన సౌనా ఆవిరిస్నానాల గది వెనక, జునిపర్ పొద కింద ఒక ఎర్రరొమ్ము పిట్ట ఉంది. అక్టోబరులో దాని జాతివన్నీ దక్షిణానికి ఎగిరిపోయాయి, ఇదొక్కటే మొండికేసింది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మూడు నెలలూ బతికితే మా పక్షి పరిశీలకుల సంఘం పుస్తకంలో 'శీతాకాలం గడిపిన పక్షి' అని ఎక్కుతుంది. ఆ పుస్తకంలో మన ఊరు ఔలు పేరు పక్కన ఎర్రరొమ్ము పిట్ట ఇప్పటిదాకా లేదు. నలభై ఏళ్ళుగా దీనికోసమే ఎదురుచూస్తున్నాను. సరిగ్గా అది వచ్చిన ఏడాదే నా గుండె చెడింది.

తాళంచెవి గుమ్మం మీద ఉంది. అంట్ల తొట్టి కింద రేకు డబ్బాలో పిండిపురుగులు, చల్లపెట్టెలో ఎద్దు కొవ్వు. కొవ్వు తురిమి ఓట్స్‌లో కలిపి నేల మీదే చల్లు. బల్ల మీద పెడితే ఇది తినదు, పచ్చపొట్ట పిట్టలు ఎగరేసుకుపోతాయి. పదింటికి తెల్లారగానే ఒకసారి, చీకటి పడకముందు రెండింటికి ఒకసారి. ఒక్క పూట కూడా మానొద్దు. మొదలుపెట్టాక వసంతం దాకా ఆపకూడదన్నది నీకూ తెలుసు. మన మేతని నమ్ముకునే అది అక్కడ ఆగిపోయింది, ఆపితే చంపినట్టే.

కలెర్వోని అడగొచ్చు కదా అంటావేమో. ఇప్పుడు సంఘం కార్యదర్శి వాడే. వాడికి తెలిస్తే మర్నాటికి పెరట్లో ముప్పై మంది దుర్భిణీలతో దిగుతారు, పిట్ట అదిరి చస్తుంది. అందుకని నువ్వే దిక్కు. రోజూ వేళ, చలి ఎంత, పిట్ట ఏం చేసింది రాసి పంపు. చూసింది చూసినట్టు రాయి. కల్పించొద్దు.

తౌనో


ఔలు,
1986 డిసెంబరు 4

ఒరేయ్ తౌనో,

చింపలేదు. ఉత్తరాలు చింపే అలవాటు నాకు లేదు. నువ్వు నాకు రాసిన మొదటి ఉత్తరం కూడా అద్దం వెనక భద్రంగానే ఉంది. 1957 జనవరి 19. టైపు చేసిన రెండు వాక్యాలు, కింద సంఘం ముద్ర, నీ సంతకం. "మీ విన్నపం పరిశీలించాం. తగిన వివరాలు లేనందున ఆమోదించలేకపోతున్నాం." ఒకే ఇంట్లో ఉంటూ పోస్టులో పంపావు చూడు, అబ్బ, ఏం మర్యాదరా నీది!

నువ్వు మర్చిపోయావేమో గానీ నాకు నిన్నటిలా ఉంది. నేను పనిచేసే లాండ్రీ వేడినీళ్ళు నదిలో పడే చోట మంచు గడ్డకట్టదు. అక్కడ, రేవు కొయ్య మీద, జనవరి నడిమధ్యలో లకుముకి పిట్ట కూర్చుని ఉంది. నీలం వీపు, ఇటుకరంగు పొట్ట, నా చెయ్యంత దూరంలో. చేపని పట్టి కొయ్యకేసి కొట్టి మింగింది. దుప్పట్లు ఉడికించిన చేతులతో అరపేజీ రాసి మీ సంఘానికి ఇచ్చాను. మీ అయిదుగురు పెద్దమనుషులు కూర్చుని, నేను అబద్ధాలకోరునని తేల్చారు. ఆ రోజు నుంచి లాండ్రీలో ఆడవాళ్ళంతా "ఏం తాయిమీ, ఇవాళ నెమలి రాలేదా?" అనేవాళ్ళు. ఇంకా నయం, ఏనుగు అనలేదు. లకుముకి తాయిమి అన్న పేరు అప్పుడు పడింది. పక్కింటి హిల్కా మనవరాలు కూడా మొన్న అదే పేరుతో పిలిచింది. ఓన్ని సంగతి సరే సరి. ఆదివారం ఆదివారం నాతో నది వెంట నడవడానికి వచ్చేవాడు, మీ సంఘంవాడే కదా, ఆ ఉత్తరం తర్వాత రావడం మానేశాడు. ఎదురుపడితే టోపీ తీసి పక్కకి తప్పుకునేవాడు. అబద్ధాలకోరుని పెళ్ళెవరు చేసుకుంటారు?

సరే. తగిన వివరాలు ఇవిగో. డిసెంబరు 1, పొద్దున పదింటికి, మైనస్ ఎనిమిది. నీ పిట్ట పొదలోంచి బయటికి వచ్చింది, వంగి వంగి దండాలు పెట్టింది, ఏడు పురుగులు తింది. నాకు నచ్చింది. నీలా మొండిది, కాకపోతే నీకంటే అందంగా ఉంది.

దానికోసం చేస్తాను. నీకోసం కాదు.

తాయిమి, పై అంతస్తు


హెల్సింకి,
1986 డిసెంబరు 11

అక్కా,

ముప్పై ఏళ్ళ కిందటి ఎముక ఇంకా నములుతున్నావా? లకుముకి పిట్ట జనవరిలో ఔలుకి రాదు. వేడినీళ్ళ ఆవిరిలో ఎవరో పారేసిన నీలం గుడ్డముక్క చూసి ఉంటావు. ఆ పూట నువ్వు పన్నెండు గంటలు దుప్పట్లు పిండావు, కళ్ళు చెదిరాయి. ఆ మాటే అప్పుడూ చెప్పాను.

నీ గొడవ వల్ల ఒక మేలు జరిగింది. ఆ వసంతంలోనే నేనొక నియమం రాశాను. ఎవరి మాట అబద్ధమని తేలినా, ఆ మాటకి ఎవరు హామీ ఉన్నా, వాళ్ళు ఒంటరిగా చూసిన పక్షులన్నిటినీ పుస్తకంలోంచి కొట్టివేయాలి. ఇంకో సాక్షి ఉన్నవే మిగులుతాయి. మా పుస్తకానికి ఈ రోజు పరువుందంటే ఆ నియమం వల్లే. ముప్పై ఏళ్ళలో ఇద్దరిని కొట్టేశాం. అందులో ఒకాయన నా ఎదురుగా కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకేం జాలి కలగలేదు.

నీ వివరాల్లో తప్పులు: 'దండాలు పెట్టింది' అని రాయకూడదు, 'తోక ఆడిస్తూ శరీరం ముందుకి వంచింది' అని రాయాలి. ఏడు పురుగులు చాలవు, పది పెట్టు. పురుగుల డబ్బాలో కేరట్ ముక్క వెయ్యి, లేకపోతే ఒకదాన్నొకటి తింటాయి.

ఆపరేషన్ జనవరికి వాయిదా పడింది. సులో రాత్రి భోజనంలో నా చేపముక్క ఎత్తుకెళ్ళాడు. అడిగితే "ఏడూ ఇరవైకి బయల్దేరిపోయింది" అన్నాడు.

తౌనో


ఔలు,
1986 డిసెంబరు 23

తౌనోకి,

గుడ్డముక్క చేపని పట్టి కొయ్యకేసి కొట్టిందంటావు. సరే నాయనా, నువ్వు సంఘానివి, నేను చాకలిదాన్ని.

డిసెంబరు 20, పదింబావు, మైనస్ పంతొమ్మిది. పిట్ట నా బూటుకి జానెడు దూరంలో తింది. తోక ఆడిస్తూ శరీరం ముందుకి వంచింది. (దండం పెట్టింది.) చలికి ఉబ్బి నిమ్మకాయంత గుండ్రంగా అయింది. రెండింటికి మళ్ళీ వచ్చింది. నేను రెండు నిమిషాలు ఆలస్యమైతే పొద మీదికెక్కి టిక్ టిక్‌మని తిట్టింది. ఈ ఇంట్లో నా ఆలస్యానికి కోప్పడేవాళ్ళు ఒకళ్ళు దొరికారు.

హిల్కా కంచె అవతల నుంచి "ఏంటమ్మా, తమ్ముడికి ఊడిగం చేస్తున్నావా?" అంది. "తమ్ముడికి కాదు, మాయింటి అద్దెదారుకి" అన్నాను. పండక్కి పంది తొడ చిన్నదే తెచ్చాను, దాని కొవ్వు కూడా తురిమి పెట్టాలా? ఉప్పుంటుందేమోనని ఆగాను. నువ్వు చెప్పు.

నిజం చెప్పాలంటే పొద్దున లేవడానికి నాకిప్పుడు ఒక పని ఉంది. అంతకంటే ఎక్కువ రాయను, కల్పించాననుకుంటావు.

తాయిమి


హెల్సింకి,
1987 జనవరి 4

అక్కా,

ఉప్పు కొవ్వు పెట్టకు, చస్తుంది. ఆగినందుకు సంతోషం. నీకు బుర్ర ఉందని నాకు ఎప్పుడూ తెలుసు, వాడవన్నదే నా బాధ.

రేడియోలో ఔలుకి మైనస్ ముప్పై అయిదు అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఇలా చెయ్యి. మూడు పూటలు పెట్టు. పొద చుట్టూ స్ప్రూస్ చెట్టు కొమ్మలు నిలబెట్టు. రోజూ సౌనా పొయ్యి కొంచెం రాజేసి, వెనక తలుపు నాలుగు వేళ్ళ సందు తెరిచి ఉంచు. తెలివైనదైతే లోపలికి వస్తుంది.

డాక్టరమ్మ సంతకం పెట్టమని కాగితం తెచ్చింది. ఆపరేషన్ చేయించుకోకపోతే వసంతం చూడనట. నేను చెప్పేశాను: "నా పిట్ట ఈ చలి దాటిందని ఉత్తరం రావాలి. వస్తే సంతకం పెడతాను, రాకపోతే పెట్టను." ఆమె నవ్వింది. సులో కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. నాకున్నవి ఒక పుస్తకం, ఒక పిట్ట. రెండోది పోతే మొదటిది ఎవరికోసం?

వెంటనే రాయి.

తౌనో


ఔలు,
1987 జనవరి 9

తౌనో,

పోయిందిరా.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఉత్తరం అందిన పూటే స్ప్రూస్ కొమ్మలు నరికి తెచ్చి నిలబెట్టాను, నా అరవయ్యేడేళ్ళ నడుము మీద ఒట్టు. సౌనా తలుపు తీసే ఉంచాను. నిన్న మధ్యాహ్నం రెండింటికి తింది, బాగానే తింది. ఈ పొద్దున మైనస్ ముప్పయ్యారు. పొద దగ్గర లేదు. చూస్తే సౌనా గడప మీద, సందుకి నాలుగంగుళాల ఇవతల, పక్కకి పడి ఉంది. లోపలికి రావాలనే బయల్దేరినట్టుంది. అరచేతిలో పెట్టుకుంటే బరువే లేదు. దానికోసం ఏడ్చాను. ఇంత వయసొచ్చి పిట్టకోసం ఏడవడమేంటని నన్ను నేనే తిట్టుకున్నాను.

చిన్నప్పుడు నువ్వు పదేళ్ళవాడివి, చచ్చిన ప్రతి పిట్టకీ కాలికి చీటీ కట్టాలని నాకు నేర్పావు. చోటు, తేదీ, చలి, దొరికినవాళ్ళ పేరు. చీటీ లేని పిట్ట ఒట్టి చెత్త అనేవాడివి. కట్టాను. "ఔలు, సౌనా గడప, 9.1.1987, మైనస్ 36, తాయిమి." ఖాళీ కాఫీ డబ్బాలో పెట్టి కట్టెల కొట్టంలో అటక మీద ఉంచాను. అక్కడ మార్చి దాకా రాయిలా ఉంటుంది.

ఇది చదివి నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టవు. నీ మొండితనం నాకు తెలీదా.

లేదు. ఇది పోస్టు చెయ్యను. ఈ కాగితం కూడా అద్దం వెనకే పెడతాను.


ఔలు,
1987 జనవరి 10

తౌనో,

పిట్ట బతికే ఉంది. సంతకం పెట్టు.

తాయిమి


హెల్సింకి,
1987 జనవరి 17

అక్కా,

ఏంటిది, ఉత్తరమా, తంతి కాగితమా? 'బతికే ఉంది' అంటే సరిపోతుందా? ఎప్పుడు చూశావు, ఎంత సేపు, ఎక్కడ, సౌనాలోకి వెళ్ళిందా లేదా? మైనస్ ముప్పై అయిదులో ఎర్రరొమ్ము పిట్ట బతికిందంటే అది వార్త! ప్రతి పూటా కావాలి నాకు. వివరాలు లేకుండా డాక్టరమ్మకి ఏం చూపించను? నీలాంటివాళ్ళ అరపేజీ రాతల వల్లే మేం కొట్టేయాల్సి వస్తుంది.

కోపంగా రాశానని అనుకోకు. ఉత్తరం చదివి సులోకి నా చేపముక్క నేనే ఇచ్చాను.

తౌనో


ఔలు,
1987 జనవరి 26

తౌనోకి,

వివరాలు కావాలి కదా, తీసుకో.

జనవరి 9, పదింబావు, మైనస్ ముప్పయ్యారు. సౌనా గడప మీద కనపడింది. సందులోంచి లోపలికి దూరింది. బల్ల కింద, పొయ్యి పక్క, కట్టెల మీద ముడుచుకుని కూర్చుంది. పన్నెండు పురుగులు. జనవరి 14, పదింటికి, మైనస్ ఇరవై ఎనిమిది. కుడి కాలు పొట్టలోకి ముడిచి ఒంటికాలి మీద నిలబడింది, మూడు నిమిషాలకి కాలు మార్చింది. జనవరి 21, పదికి అయిదు నిమిషాలు తక్కువ, మైనస్ పదిహేడు. పొద కింద ఓట్స్ తింటున్న ఎలుకని తరిమింది.

మిగతావి వెనక కాగితం మీద రోజువారీ రాశాను. చూసింది చూసినట్టు రాశాను. ఇంత తేలిగ్గా నమ్మేలా రాయొచ్చని తెలిసుంటే 1957లోనే ఇలా రాసేదాన్ని.

సంతకం పెట్టావా లేదా అది చెప్పు.

తాయిమి


హెల్సింకి,
1987 ఫిబ్రవరి 1

అక్కా,

పెట్టాను. ఫిబ్రవరి 17న కోస్తారు. నీ కాగితాలు డాక్టరమ్మకి చదివి వినిపించాను. ఎలుకని తరిమిన దగ్గర ఆవిడ చప్పట్లు కొట్టింది. సులో అయితే రోజూ పొద్దున "పిట్టబండి పదింటికి వచ్చిందా?" అని అడుగుతాడు.

ముప్పై ఏళ్ళు సంఘం కాగితాలు చదివాను గానీ, ఇంత పరిశుభ్రమైన పరిశీలన చాలా తక్కువ చూశాను. మొహమాటానికి అనడం లేదు. ఫిబ్రవరిలో ఒక్కసారి చూసినా మూడు నెలలూ పూర్తయినట్టే. కనపడగానే రాయి.

నీ తమ్ముడు


ఔలు,
1987 ఫిబ్రవరి 5

తమ్ముడూ,

ఈ పేరుతో పిలిచి ఎన్నాళ్ళయిందో.

ఫిబ్రవరి 1, పదిన్నర, మైనస్ పది, ఎండ. నీ పిట్ట పొద కొన మీదికెక్కి పాడింది. గట్టిగా కాదు, లోగొంతుతో, తనలో తను పాడుకున్నట్టు. నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

నువ్వు ధైర్యంగా లోపలికి వెళ్ళు. వచ్చాక సౌనా వేస్తాను. కింది మెట్టు విరిగింది, మనిషిని పెట్టి బాగు చేయించాను, జారిపడతావని.

అక్క


హెల్సింకి,
1987 ఫిబ్రవరి 13

అక్కా,

పాడిందన్న దగ్గర నేను ఏడ్చాను. సులో అటు తిరిగి పడుకున్నాడు, చూడనట్టు.

మూడు నెలలూ పూర్తి! నీ కాగితాలన్నీ శుభ్రంగా తిరగరాసి సంఘం పత్రికకి పంపాను, మార్చి సంచికలో వస్తుంది. "మా ఇంటి పెరట్లో, నా మనిషి రోజూ చూసి రాసినది. ప్రతి అక్షరానికీ నాది హామీ" అని కింద సంతకం చేశాను. నీ పేరు రాయలేదు. రాస్తే పాత నవ్వులు మళ్ళీ మొదలవుతాయి, నీకే కష్టం. ఏమీ అనుకోవుగా.

నాలుగు రోజుల్లో కోస్తారు. లేవకపోవచ్చు. ఒక మాట మోసుకుంటూ లోపలికి వెళ్ళలేను. నా పిట్టని నువ్వు ఇంత ప్రేమగా కాపాడావు కాబట్టి చెప్పే ధైర్యం వచ్చింది.

1957 జనవరి 19 శనివారం నీ కాగితం కొట్టేసి నేను సంతకం పెట్టాను. మనసు ఒప్పుకోలేదు. ఆదివారం తెల్లారగానే ఒక్కణ్ణీ లాండ్రీ కాలువ దగ్గరికి వెళ్ళాను. ఉంది. కొయ్య కింద, నీళ్ళ అంచున, కాళ్ళు మంచులో అతుక్కుని చచ్చి ఉంది. నీలం వీపు, ఇటుకరంగు పొట్ట. నువ్వు రాసినట్టే. పెకలించి కోటు జేబులో పెట్టుకున్నాను. నీ దగ్గరికి తెద్దామనే బయల్దేరాను. దారిలో ఆలోచన మారింది. నేను కార్యదర్శినై రెండు నెలలు. మొదటి తీర్మానమే తప్పయితే ఎవరు లెక్కచేస్తారు? ఆ సాయంత్రం నువ్వు సౌనా వేశావు, గుర్తుందా? పొయ్యిలో వేసేశాను. ఈకల కంపు వచ్చింది. ఏంటని నువ్వు అడిగితే చేతితొడుగు జారి పడిపోయిందన్నాను.

అంతే. అప్పుడు కుర్రతనం. నువ్వు పెద్ద మనసు గలదానివి, ఇప్పుడు తెలుస్తోంది. చెప్పేశాక గుండె నిజంగానే తేలికపడింది. డాక్టరమ్మ నాడి చూసి బాగుందంది.

సౌనా వేస్తానన్నావు, మర్చిపోకు.

నీ తమ్ముడు తౌనో


ఔలు,
1987 మార్చి 2

తౌనో,

నీ ఉత్తరం 16న అందింది. జవాబు వెంటనే రాయలేదు. 18న ఆస్పత్రికి ఫోన్ చేశాను, నువ్వు ఇంకా తెలివిలో లేవన్నారు. 20న చేశాను, కళ్ళు తెరిచావన్నారు. 23న చేస్తే లేచి కూర్చుని సూప్ తాగావన్నారు. అప్పుడు ఫోన్ పెట్టేసి కలెర్వోని కాఫీకి పిలిచాను. నువ్వు బతికి దీన్ని చదవాలి, అందుకే ఆగాను.

చేతితొడుగు నాకు గుర్తుంది. ఎందుకు గుర్తుండదు? పాపం ఒక చెయ్యి చలికి పోతుందని ఆ వారమే కొత్త జత అల్లి ఇచ్చాను. నా మొహాన ఆ కాగితం కొట్టిన తమ్ముడికి, లాండ్రీలో అందరూ నవ్వుతున్న రోజుల్లో, ముంజేతి దాకా వచ్చేలా అల్లాను. నువ్వు వేసుకుని "వెచ్చగా ఉన్నాయి" అన్నావు. ఏ నోటితో అన్నావురా?

కలెర్వో 26న వచ్చాడు. బల్ల మీద రొట్టె, కాఫీ, ఇంకో కాఫీ డబ్బా. నీ వ్యాసం సంగతి వాడే ఎత్తాడు.

"తాయిమక్కా, అద్భుతం! మీ పెరట్లోనే కదా! ఒకసారి చూపించవా? దూరం నుంచే, అదరగొట్టను."

"దూరం నుంచెందుకు నాయనా, దగ్గర నుంచే చూడు" అని డబ్బా వాడి ముందుకి తోశాను.

మూత తీశాడు. చీటీ చదివాడు. మళ్ళీ చదివాడు. "జనవరి తొమ్మిదా?" అన్నాడు. "మరి ఫిబ్రవరి ఒకటిన పాడిందని… తౌనో అన్న హామీ ఉన్నాడే!"

"ఉన్నాడా?" అన్నాను.

"చూసి రాసిన మనిషెవరు?"

"నన్నడుగుతావేం? పేరు రాయలేదుగా."

వాడి కాఫీ చల్లారిపోయింది. నేనొక్క అబద్ధమూ చెప్పలేదు, డబ్బా తెరిచానంతే. చచ్చిన పిట్ట రాయిలా ఉంది, రొమ్ము ఇంకా ఎర్రగానే ఉంది. రాత్రి నాలుగు డిగ్రీలు పెరిగితే పాడవుతుందని మ్యూజియానికి పట్టుకెళ్ళాడు. చూశావా, నీ పిట్టకి చీటీ ఉంది కాబట్టి అద్దాల పెట్టెలో ఉంటుంది. నాది నీ పొయ్యిలో బూడిదైంది.

శనివారం సంఘం కూర్చుంది. నీ నియమం వాళ్ళకి గుర్తుచేయాల్సిన పనే రాలేదు, నువ్వే చట్రం కట్టించి గోడకి తగిలించావటగా. నువ్వు ఒంటరిగా చూసినవి నలభై ఒకటి. అన్నీ కొట్టేశారు. 1949 నాటి గద్ద, 1963లో విమానాశ్రయం దగ్గర తెల్ల గుడ్లగూబ, 1974లో నువ్వు మంచులో ఆరు గంటలు పడుకుని చూసిన ఆ బాతు. గీత గీసి పక్కన తేదీ వేశారట. కలెర్వో స్కేలు పెట్టి గీశాడట, పుస్తకం శుభ్రంగా ఉండాలని.

నువ్వు తప్పించుకోవాలంటే దారి ఉంది. నా ఉత్తరాలు నీ దగ్గరున్నాయి. వాటిని చూపించి, చూసి రాసింది మా అక్క తాయిమి, అబద్ధం ఆమెది అని చెప్పు. ఏ తాయిమి, లకుముకి తాయిమా అని అడుగుతారు. ఆమె మాట నమ్మదగింది కాదని వాళ్ళ ఫైల్లో ముప్పై ఏళ్ళుగా ఒక కాగితం ఉంది. సంతకం నీదే. తెలిసి తెలిసి అలాంటిదాని మాటకి హామీ ఎలా ఉన్నావని అడుగుతారు. ఏం చెప్తావో ఆలోచించుకో.

జనవరిలో నేను అబద్ధం రాసింది నువ్వు బతకాలనిరా. ఆ పాట రాసింది కూడా అందుకే. నువ్వు నోరు మూసుకుని లోపలికి వెళ్ళి ఉంటే, ఆ డబ్బా పెరట్లో పాతిపెట్టి, నువ్వొచ్చాక చెప్పి ఇద్దరం ఏడ్చి ఊరుకునేవాళ్ళం.

పచ్చపొట్ట పిట్టలకి మేత పెడుతూనే ఉన్నాను. వాటి తప్పేముంది.

తాయిమి


హెల్సింకి,
1987 మార్చి 10

అక్కా,

ఎక్కువసేపు కూర్చోనివ్వరు, కొంచెమే రాస్తాను.

సంఘం కాగితం నాకూ వచ్చింది. నియమం ప్రకారమే చేశారు. నేనున్నా అదే చేసేవాణ్ణి. నీ ఉత్తరాలు ఎవరికీ చూపించలేదు, చూపించను.

సులో పోయిన వారం పోయాడు. మంచం ఖాళీగానే ఉంది. ఏప్రిల్ చివరి దాకా నన్ను ఇక్కడే ఉంచుతారట. సంఘంవాళ్ళెవరూ రాయరు. కలెర్వోకి రెండు రాశాను, జవాబు లేదు. పొద్దున పదింటికి ఇక్కడ పోస్టు పంచుతారు. అందరికీ ఇచ్చి నర్సు నా మంచం దాటి వెళ్ళిపోతుంది. ఆ వేళకి అలవాటుగా లేచి కూర్చుంటున్నాను.

క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. ఒకటే అడుగుతాను. వారానికొక ఉత్తరం రాయి. పొద దగ్గర ఏం కనపడిందో, ఎన్ని గంటలకి, చలి ఎంత. మొదలుపెట్టాక వసంతం దాకా ఆపకూడదు కదక్కా. ఎర్రరొమ్ము పిట్ట మళ్ళీ పాడిందని రాసినా చదువుకుంటాను. అబద్ధమైనా సరే.

నీ తమ్ముడు


ఔలు,
1987 మార్చి 16

శ్రీ తౌనో గారికి,

మీ విన్నపం పరిశీలించాం. తగిన వివరాలు లేనందున ఆమోదించలేకపోతున్నాం.

తాయిమి